బయటి పెట్టె

“వెనక పెట్టెయ్యవయ్యా. అక్కడెవరుంటారు?” అన్నాడు మా ఆయన.

నేనున్నాను అక్కడ. వెనక బాల్కనీలో పీట వేసుకుని అడుగంటిన గిన్నెని పీచుతో తోముతున్నాను. ఆయన వంటింటి గడప దగ్గర నిలబడి, నా తల మీదుగా గోడకేసి వేలు చూపించి మరీ ఆ మాటన్నాడు. ఏసీ బిగించడానికొచ్చిన మెకానిక్ నాకేసి చూసి, ఆయనకేసి చూసి, తల గోక్కున్నాడు. పరాయివాడు కాబట్టి అతనికి కనపడ్డాను కాబోలు. నేను తోముతూనే ఉన్నాను. అబద్ధమెందుకు, అప్పుడు నాకు కోపం కూడా రాలేదు. నిజమే కదా, వెనక ఎవరుంటారు, నేనేగా, అని ఒక్క క్షణం నేనూ అనుకున్నాను. అలా అనుకున్నానన్నది తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

మాది మూడో అంతస్తు. వీధి వైపు ఒక బాల్కనీ ఉంది. అందులో రెండు పేము కుర్చీలు, గుండ్రటి బల్ల, నాలుగు పూలకుండీలు. మా ఆయన ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముతాడు. పాలసీ కట్టేవాళ్ళు వస్తే అక్కడే కూర్చోబెడతాడు. గాలి ధారాళంగా వస్తుంది. వెనక బాల్కనీ వంటింటిని ఆనుకుని ఉంటుంది. దొంగల భయమని దానికి ఊచలు పెట్టించాడు, జల్లు కొడుతోందని ఊచల మీద ప్లాస్టిక్ రేకులు కొట్టించాడు. గ్యాసు బండ, బట్టల తీగ, చీపుళ్ళు, బకెట్లు, తోమాల్సిన గిన్నెలు, నేను. ఇవీ అక్కడుండేవి.

నేను కేరియర్లు వండుతాను. చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి మధ్యాహ్నం భోజనం. ఆటో అతను వచ్చి పట్టుకుపోతాడు. మొదలుపెట్టినప్పుడు మా ఆయన, “ఊరికే కూర్చునే బదులు కాలక్షేపం అవుతుందిలే” అన్నాడు. నేను ఊరికే ఎప్పుడు కూర్చున్నానో నాకైతే గుర్తులేదు. తర్వాత తర్వాత పాలసీలు అమ్ముడుపోవడం తగ్గింది, ఇప్పుడు ఈ కాలక్షేపం మీదే ఇల్లు నడుస్తోంది. ఆ మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాదు. డబ్బులు ఆయన ఫోన్లో పడతాయి. “నీకు ఆ నొక్కుళ్ళు తెలియవు” అంటాడు. ఆఫీసుల వాళ్ళు కూడా ‘సార్ గారి కేరియర్లు’ అనే అంటారట. కూరలో ఉప్పు ఎక్కువైతే మాత్రం అది నాది.

ఏసీ కొందామన్న మాట ఆయనే ఎత్తాడు. ఎండలు ముదిరాయి, అత్తయ్యకి ఒంటినిండా చెమటకాయలు, అమ్మాయికి కాలేజీ పరీక్షలు. నాకూ సంతోషమే అనిపించింది. కేరియర్లు పంపించాక మధ్యాహ్నం ఒక్క గంట చల్లగా నడుం వాల్చవచ్చు కదా అనుకున్నాను. దుకాణానికి నన్నూ రమ్మన్నాడు. “రంగు నువ్వు చూద్దువుగాని” అన్నాడు. తీరా వెళితే అన్నీ తెలుపే.

అమ్మకాల కుర్రాడు మెడలో టై కట్టుకుని, చల్లటి హాల్లో చెమట తుడుచుకుంటూ మా ఆయన ఎదురుగా నిలబడ్డాడు. “గది ఎంతుంటుంది సార్?” అన్నాడు. “పెద్దదే” అన్నాడు ఈయన. “పది అడుగులు, పన్నెండు అడుగులు” అన్నాను నేను. ఆ గది రోజూ వంగి తుడిచేదాన్ని, నాకు తెలియదా! కుర్రాడు మా ఆయన్ని చూసి “అంతేనా సార్?” అని అడిగాడు. ఈయన కాసేపు ఆలోచించి, “ఆ, అంతే ఉంటుంది” అన్నాక రాసుకున్నాడు.

తర్వాత మా ఆయన ఒకదాని మీద చెయ్యేసి, “ఇదిగో, ఇది ఐదు స్టార్లది. ఐసుగడ్డలా ఉంటుంది గది. మూడు స్టార్లయితే మూడు వంతులే చల్లబడుతుంది” అని నాకు చెప్పాడు. కుర్రాడు ఇబ్బందిగా నవ్వాడు.

“అలా కాదు సార్. ఎంత చల్లబరుస్తుందనేది టన్నుల్లో ఉంటుంది. స్టార్లు చల్లదనానికి కాదు, అది తినే కరెంటుకి. ఇదీ అదీ రెండూ టన్నుల్లో సమానమే, మీ గదిని రెండూ ఒకేలా చల్లబరుస్తాయి. మూడు స్టార్లది ఎక్కువ తింటుంది, ఐదు స్టార్లది తక్కువ తింటుంది. ఈ అంటించిన కాగితం మీద అంకె చూడండి. సీజనంతా అది ఇచ్చే చల్లదనాన్ని, తినే కరెంటుతో భాగిస్తే వచ్చే అంకె ఇది. ఎంత ఎక్కువుంటే అంత మంచి సరుకు. టన్నుల్లో సమానమైన వాటిని పక్కపక్కన పెట్టి ఈ అంకె పోల్చుకోవాలి. కింద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసుంది.”

నేను వంగి ఆ కాగితం చదివాను. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు గానీ అంకెలంటే నాకు భయం లేదు. “ఏడాదికి ఇన్ని యూనిట్లు అంటే, ఎన్ని గంటలు వేస్తే బాబూ?” అని అడిగాను.

కుర్రాడు మా ఆయనవైపు తిరిగి, “మంచి ప్రశ్న అడిగారు సార్” అన్నాడు.

మా ఆయన తలూపాడు.

“ఏడాదికి ఇన్ని గంటలని ఒక లెక్క పెట్టుకుంటారు సార్. అన్ని కంపెనీలవీ ఒకే పద్ధతిలో, పరీక్ష గదిలో పెట్టి కొలుస్తారు. మనం అంతకంటే ఎక్కువ వాడితే బిల్లు ఎక్కువొస్తుంది. ఇంకోటి, ఇంట్లో పెట్టినప్పుడు బయటి పెట్టెకి గాలి ఆడాలి, లోపలి జాలీ కడుగుతుండాలి. లేకపోతే ఎన్ని స్టార్లున్నా ఆ అంకె రాదు.”

ఆయన బేరం ఆడుతున్నంతసేపూ నేను ఆ కాగితం ముందే నిలబడిపోయాను. తక్కువ తిని ఎక్కువ పనిచేసేదానికి ఐదు స్టార్లు. చుట్టాలొచ్చినప్పుడల్లా అత్తయ్య నా గురించి చెప్పే మాట గుర్తొచ్చింది. “మా కోడలు తినేది పిట్టంత, చేసేది ఏనుగంత. ఏనాడూ ఇది కావాలని నోరు తెరిచి అడగలేదు” అంటుంది. నిండు మనసుతోనే అంటుంది, పాపం. ఆ మాట విన్న రోజు నేను ఇంకో రెండు పనులు ఎక్కువ చేసేదాన్ని. పెళ్ళైన కొత్తలో అయితే అందరూ తిన్నాక మిగిలింది తింటూ, మిగలని రోజు మంచినీళ్ళు తాగి పడుకుంటూ, దాన్నొక గొప్పగా దాచుకునేదాన్ని. ఎవరో పైనుంచి చూసి మార్కులు వేస్తున్నట్టు. ఇక్కడ ఈ డబ్బా మీద కనీసం గంటల లెక్క పెట్టుకున్నారు. ఇంతసేపు పనిచేస్తే ఇంత తింటుంది, అంతకు మించి వాడితే మా పూచీ లేదని రాసి మరీ అమ్ముతున్నారు. నన్ను ఇచ్చేటప్పుడు మా వాళ్ళు “మా పిల్లకి అన్ని పనులూ వచ్చు” అన్నారంతే. ఎన్ని గంటలు అని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు. ఆడపిల్లకి అలా తోచకుండా పెంచడం కూడా ఒక విద్యే.

ఐదు స్టార్లదే కొన్నాం. ఇంటికొచ్చాక మా ఆయన అత్తయ్యతో, “స్టార్లంటే చల్లదనం కాదమ్మా, కరెంటు. అందరూ ఇక్కడే పొరపాటు పడతారు” అని విడమరిచి చెప్పాడు.

ఇక బిగించే రోజు సంగతి. మెకానిక్ తల గోక్కోవడం అయ్యాక, “సార్, ఇక్కడంతా మూసేసి ఉంది. గదిలో వేడిని లాగి బయటికి ఊదేది ఈ పెట్టే. ఊదిన వేడి పోయే దారి లేకపోతే మళ్ళీ దాన్నే పీల్చుకుంటుంది. ముందు బాల్కనీలో పెడదాం. పైపు కూడా తక్కువ పడుతుంది” అన్నాడు.

“ముందా? ఇంటికొచ్చేవాళ్ళకి మొదట కనపడేది ఆ డొక్కు పెట్టెనా? అక్కడ నలుగురూ కూర్చుంటారయ్యా.”

అప్పటికి నేను గిన్నె దించి లేచాను. “ఏమండీ, నేను పొద్దస్తమానం ఇక్కడే కదా ఉండేది” అన్నాను.

“నువ్వు సర్దుకుంటావులే” అన్నాడు. కసిరినట్టు కాదు, మెచ్చుకున్నట్టే అన్నాడు. హాల్లోంచి అత్తయ్య, “వాడు చెప్పినట్టు చెయ్యి నాయనా” అంది మెకానిక్‌తో. అతను గోడకి కన్నం వేయడం మొదలుపెట్టాడు. ఆ దుమ్ము కూర గిన్నెల మీద పడకుండా నేను మూతలు వేసుకోవడం మొదలుపెట్టాను. అంతే జరిగింది. నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఎవరికైనా చెప్పుకుందామన్నా ఇందులో చెప్పడానికేముంది?

మొదటిసారి ఆ పెట్టె తిరిగినప్పుడు వంటింటి కిటికీ అద్దం గడగడా కొట్టుకుంది. నా మెడ వెనక ఎవరో నిలబడి వేడిగా ఊదినట్టయి ఉలిక్కిపడి వెనక్కి చూశాను. ఆ తర్వాత ఇక చూడ్డం మానేశాను. రెండు పొయ్యిల మీద రెండు పెద్ద గిన్నెలు, ముందు నుంచి మంట, వెనక నుంచి అది. గదిలో ముగ్గురి ఒంటి వేడి, గోడల వేడి, పైకప్పు వేడి, అంతా పోగుచేసి, దానికి మిషన్ తన వేడి కూడా కలిపి, తెచ్చి నా వీపు మీద కుమ్మరించేది. చల్లదనం అనేది ఎక్కడా పుట్టదని నాకు అప్పుడు తెలిసింది. ఒకచోటి వేడిని తీసి ఇంకోచోట పడేస్తే మొదటి చోటికి చల్లదనం అని పేరు. రవిక ఒంటికి అతుక్కుపోయేది. కళ్ళలోకి చెమట కారి ఉల్లిపాయలు తరుగుతున్నానో లేదో తెలిసేది కాదు.

“చూశావా, బట్టలు ఇట్టే ఆరిపోతున్నాయి. నీకే లాభం” అని నవ్వాడు మా ఆయన ఒకరోజు, ఆరిన చొక్కా తీసుకుంటూ.

గదిలో మాత్రం మండుటెండల్లో దుప్పట్లు తీశారు. దుప్పట్లు ఉతికేది నేనే అనుకోండి. కేరియర్లు పంపించి మొదటిరోజు ఆశగా లోపలికి వెళ్ళాను. ఆ చలవ ముఖానికి తగలగానే ఏడుపొచ్చినంత పనైంది. మంచం పక్కన నేల మీద చాప పరుచుకుంటుంటే మా ఆయన ముక్కు చిట్లించాడు. “తాలింపు వాసన కొడుతున్నావు. తలుపులేసిన గది, ఎక్కడికీ పోదు ఆ వాసన. స్నానం చేసి రా.” నిజమే, కొడుతున్నాను. స్నానం చేసి వచ్చేసరికి అత్తయ్యకి టీ వేళయింది. టీ పెట్టి వచ్చేసరికి మా ఆయన ఫోన్లో ఎవరికో పాలసీ చెబుతున్నాడు, చప్పుడు చెయ్యొద్దని చెయ్యి ఊపాడు. తలుపు సందులో నిలబడి ఉంటే అమ్మాయి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, “అమ్మా, లోపలికైనా రా, బయటికైనా వెళ్ళు. చల్లదనం పోతోంది” అంది. దాని తప్పు కాదు. ఈ ఇంట్లో పుట్టి, ఈ ఇంట్లో మాటలే నేర్చుకుంది.

ఒక మధ్యాహ్నం అత్తయ్య మంచినీళ్ళకని తనే వంటింట్లోకి వచ్చింది. నేను రెండో వాయి అన్నం దించుతున్నాను. కుండలో గ్లాసు ముంచబోతూ ఆగిపోయింది. ఆ గాలి నేరుగా ఆమె ముఖాన్నే కొట్టింది. చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది. “నేను బొగ్గుల పొయ్యి మీద పదిమందికి వండినదాన్ని. ఇదేమి వేడే తల్లీ!” అంది. ఈ ఇంట్లో ఒక మనిషికి తెలిసింది. “మీ అబ్బాయికి చెప్పండి అత్తయ్యా, మీ మాటైతే వింటారు” అన్నాను. నీళ్ళు తాగింది. “వాడికి కోపం ఎక్కువ, నీకు తెలుసుగా అమ్మాయ్” అని గ్లాసు బోర్లించి, గదిలోకి పోయి తలుపు వేసుకుంది. తలుపు కింద సందులో గుడ్డ దోపిన చప్పుడు కూడా వినిపించింది. అన్నం గిన్నె మీద మూత పెడుతూ అనుకున్నాను, తెలియకపోవడం వల్ల కాదన్నమాట ఇదంతా.

కరెంటు బిల్లు వచ్చిన రోజు మా ఆయన ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి ఊడిపడ్డాడు. “ఐదు స్టార్లది కొంటే ఇంత బిల్లా? రోజుకి ఎన్నిసార్లు తీస్తావే ఆ తలుపు?”

“మీరు పిలిచినప్పుడల్లా తీస్తాను” అన్నాను.

“మాటకి మాటా? అన్నీ ఒక్కసారే తెచ్చి పెట్టుకోవచ్చుగా!”

“టీ ఒక్కసారే తెస్తే చల్లారదా?”

ఆయన కసురుకుంటూ వెళ్ళి మెకానిక్‌కి ఫోన్ చేశాడు. పాడు సరుకు అంటగట్టారని కేకలేశాడు. మర్నాడు అతను వచ్చాడు. లోపలి జాలీ విప్పి చూశాడు, శుభ్రంగా ఉంది, నేనే కదా కడిగేది. వెనక్కి వచ్చి పెట్టె ముందు అరచెయ్యి పెట్టి చూశాడు.

“నేను అప్పుడే చెప్పాను కదా సార్. మిషన్ది తప్పు కాదు. ఊదిన వేడినే మళ్ళీ పీలుస్తోంది. ఊపిరాడక ఎక్కువ తింటోంది. చుట్టూ ఒక అడుగైనా ఖాళీ ఉండాలి, ఎదుర అసలు ఏమీ ఉండకూడదు. ఈ రేకులు తీసెయ్యండి, లేదా ముందుకి మార్చేద్దాం.”

“మొన్న మొన్ననే వేయించా ఆ రేకులు. వాన జల్లు కొడుతుంది” అన్నాడు మా ఆయన. అని ఊరుకోలేదు. వంగి నా పీట తీసి అవతల పెట్టాడు. బకెట్లు జరిపాడు. బట్టల తీగ ముడి విప్పి చుట్ట చుట్టాడు. గిన్నెలు ఆరబెట్టుకునే అర ఊడదీసి మూలకి ఆనించాడు. ఇన్నేళ్ళలో ఆ బాల్కనీలో ఆయన ఒక వస్తువు ఎత్తి పెట్టడం నేను ఎరగను. చేతులు దులుపుకుంటూ పెట్టె చుట్టూ చూసుకుని అన్నాడు, “దానికి ఊపిరాడాలి కదా మరి.”

నేను సింకు దగ్గర నిలబడి విన్నాను.

“సరిపోదు సార్. వేడి పోయే దారి కావాలి” అన్నాడు మెకానిక్.

మా ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. బాల్కనీ వైపు వంటింటి కిటికీ చూశాడు. వంటింటికి అవతలి గోడలో, పొగ పోవడానికి పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ చూశాడు. ముఖం వెలిగిపోయింది. “ఈ కిటికీ రెక్కలు ఊడదీసి, ఆ ఫ్యాన్ ఎప్పుడూ తిరిగేట్టు పెడితే? ఈ వేడంతా ఇలా లాక్కుని అలా పక్కసందులోకి పోదూ?”

“పోతుంది సార్. కానీ వంటింట్లోంచి పోతుంది.”

“పోనీ.”

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. ఎవరో పాలసీ మనిషి. మాట్లాడుకుంటూ ముందు బాల్కనీలోకి వెళ్ళాడు. నేను గొంతు తగ్గించి మెకానిక్‌ని అడిగాను. “బాబూ, దీన్ని ముందుకి మార్చడానికి ఎంతసేపు పడుతుంది?”

“పెద్ద పనేం కాదమ్మా. మధ్యాహ్నానికి అయిపోతుంది.”

“అయితే మార్చెయ్.”

అతను స్క్రూడ్రైవర్ చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు. “సార్ చెప్పాలమ్మా. ఫోన్ చేసి పిలిపించింది సార్ కదా.”

“ఈ మిషన్ నా కేరియర్ల డబ్బుతో కొన్నది.”

“మీరు చెప్పేది నిజమేనమ్మా. కానీ రేపు సార్ కంపెనీకి ఫోన్ చేస్తే నా పని పోతుంది.” నవ్వబోయి నవ్వలేక, “మా ఇంట్లో కూడా వెనకే పెట్టానమ్మా” అన్నాడు. ఆ తర్వాత నాకేసి చూడకుండా కిటికీ రెక్కలు ఊడదీశాడు.

ఆ రోజు నుంచి నా వంటిల్లు ఆ మిషన్‌కి పొగగొట్టం అయింది. ఇదివరకు వేడి వచ్చి నా వీపు మీద ఆగేది. ఇప్పుడు ఆగడం లేదు, వరదలా నా మీదుగా పోతోంది. పొయ్యి మంటలు పక్కకి వంగిపోతున్నాయి. కూరాకు కోసి పక్కన పెడితే వండేలోపు వడలిపోతోంది. నా గొంతు ఎప్పుడూ ఎండిపోయే ఉంటోంది. తర్వాతి బిల్లు మాత్రం తగ్గింది. ముందు బాల్కనీలో ఎవరో పెద్దమనిషికి మా ఆయన చెప్పడం నేను టీ పట్టుకెళుతూ విన్నాను. “ఐదు స్టార్లంటే ఊరికే రావండీ. గాలి ఎటు నుంచి ఎటు పోవాలో చూసుకోవాలి. ఆ మెకానిక్కే నోరెళ్ళబెట్టాడు.” పెద్దమనిషి మెచ్చుకోలుగా తలూపి కప్పు అందుకున్నాడు. వాళ్ళ కుర్చీల మధ్య నుంచి వీధి గాలి వచ్చి నా చెమట మీద తగిలింది. ఎంత హాయిగా ఉందో! ఖాళీ ట్రే పట్టుకుని అక్కడే ఒక్క నిమిషం నిలబడ్డాను. “ఏం, ఇంకేమైనా కావాలా?” అన్నాడు మా ఆయన. అది అడగడం కాదు, వెళ్ళమనడం. వెళ్ళాను.

నిన్న అన్నం గిన్నె దించుతుంటే కళ్ళు చీకట్లు కమ్మాయి. గిన్నె ఎలాగో గట్టు మీద పెట్టగలిగాను గానీ గంజి తొణికి పాదాల మీద పడింది. అమ్మా అని అరిచాను. గట్టిగానే అరిచాను. గదిలోంచి, “ఏమైందీ?” అని ఆయన గొంతు వినిపించింది. “కాళ్ళు కాలాయి” అన్నాను. “చూసుకుని చెయ్యొద్దూ! నీళ్ళు పోసుకో” అన్నాడు. తలుపు తెరుచుకోలేదు. చల్లదనం పోతుంది కదా. నేల మీద చతికిలబడి పాదాల మీద నీళ్ళు పోసుకుంటూ ఆ మిషన్ చప్పుడు విన్నాను. ఇదివరకటిలా రొప్పడం లేదు. హాయిగా, ఒకే తీరుగా, కడుపునిండా ఊపిరి పీల్చుకుంటున్న మనిషిలా తిరుగుతోంది. దానికి ఊపిరాడకపోతే అది ఎక్కువ తింది. బిల్లు పెరిగింది. ఇల్లంతా కదిలింది. నాకు ఊపిరాడకపోతే ఏమైంది? ఏమీ కాలేదు. కేరియర్లు వేళకే వెళ్ళాయి. అదీ నేను చేసిన తప్పు. నేను ఏమీ కానివ్వలేదు. నిన్న కూడా కాలిన కాళ్ళతోనే డబ్బాలు సర్ది, ఆటో అతను హారను కొట్టేలోపు కిందికి దింపాను. ఆయన ఇలా చేశాడు, ఆమె అలా అంది అని ఇన్నాళ్ళూ కుమిలాను గానీ, వాళ్ళెవరికీ నా వేడి ఒక్క రోజు కూడా తగలకుండా కాపాడుతూ వచ్చింది మాత్రం నేనే.

ఇవాళ పొద్దున మామూలుగానే లేచాను. పాదాల మీద బొబ్బలు లేచాయి, చెప్పులు పట్టలేదు. కూరలు తరిగాను. ఒక పొయ్యి మీద అన్నం పడేశాను, ఇంకో పొయ్యి మీద కూర. ఎసరు కుతకుత ఉడుకుతుండగా గదిలో అత్తయ్య “ఉక్కగా ఉందిరా” అంది. రిమోటు నొక్కిన చిన్న చప్పుడు. వెనకాల పెట్టె తిరగడం మొదలుపెట్టింది. ఊడదీసిన కిటికీలోంచి ఆ గాలి వచ్చి మంటల్ని పక్కకి వంచింది.

నేను చెయ్యి చాచి అన్నం కింద పొయ్యి ఆపేశాను. కూర కింద పొయ్యి కూడా ఆపేశాను. చేతులు కడుక్కుని, తుడుచుకుని, హాల్లోంచి ముందు బాల్కనీలోకి వెళ్ళి పేము కుర్చీలో కూర్చున్నాను. కాళ్ళు రెండో కుర్చీ మీద చాపుకున్నాను. ఆ కుర్చీలో నేను ఎప్పుడూ కూర్చోలేదు. దుమ్ము దులిపానంతే. కింద వీధిలో అరటిపళ్ళ బండి వెళుతోంది, ఎవరో బేరం ఆడుతున్నారు. లేచి వెళ్ళి పొయ్యి వెలిగించెయ్యాలని చేతులు లాగుతున్నాయి. చేతులు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

చాలాసేపటికి ఆటో వచ్చి ఆగింది. హారను కొట్టింది. నేను పైనుంచి చూశాను. అతను తలెత్తి, “అమ్మా, డబ్బాలు?” అన్నాడు. “ఇంకా కాలేదు నాయనా, సార్‌ని అడుగు” అన్నాను. గదిలో ఆయన ఫోన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది. గది తలుపు తెరుచుకుంది. చల్లటి గాలి ఒక్కసారి హాలంతా పరుచుకుని ఇక్కడి దాకా వచ్చింది.

“ఎక్కడున్నావే?” అంటూ ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. ఆ వేడికి “అబ్బా!” అనుకుంటూ వెనక్కి వచ్చాడు. హాలంతా చూసి, బాత్రూం వైపు చూసి, చివరికి ఇటు చూశాడు. ఒక చేతిలో మోగుతున్న ఫోను, ఒక చేతిలో రిమోటు.

“వంటేదీ? ఆఫీసుల నుంచి ఒకటే ఫోన్లు. ఏం, ఒంట్లో బాగోలేదా?”

“బాగానే ఉంది.”

“మరి?”

“ఆ పెట్టె తిరుగుతోంది కదండీ. అది తిరిగినంతసేపూ నేను పొయ్యి వెలిగించను.”

“ఏమిటీ?”

“ఇవాళే కాదు. ఇక ఎప్పుడూ.”

గది గుమ్మంలోకి అత్తయ్య వచ్చి నిలబడింది, భుజాల మీద దుప్పటితో. ఆమె వెనకాల అమ్మాయి. కింద ఆటో హారను మళ్ళీ కొట్టింది. ఫోను మోగి మోగి ఆగింది, వెంటనే మళ్ళీ మొదలైంది. మా ఆయన నన్ను చూశాడు, కుర్చీ మీద చాపిన నా పాదాలు చూశాడు, చేతిలో రిమోటు చూసుకున్నాడు.

అన్నం సగమే ఉడికింది. నాకేం తొందర లేదు.